దసరా నాడు మా మామ పోసిన గుక్కెడు

రసాయనశాస్త్ర విశ్రాంత ఉపన్యాసకులు, మా కులసంఘానికి చిరకాల సలహాదారు, నాకు స్వయానా మేనమామ అయిన రాజేశం గారు ఇటీవల కోరుట్లలోని స్వగృహంలో పరమపదించారు. ఆ వార్త నాకు చేరినప్పుడు జగిత్యాల బడిలో పదో తరగతి పిల్లలకు సంధులు చెబుతున్నాను. ఫోను పెట్టేసి కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. దుఃఖం వచ్చిందా అని నన్ను నేను వెతుక్కున్నాను. దిగ్భ్రాంతి మాత్రం నిజం. ఆ మనిషి కూడా అందరిలాగే చనిపోతాడని మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

మర్నాడే సంఘం పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. "పంతులుగారు, రెండు పేజీలు ఇడిశిపెట్టిన. మీ మామ గురించి మీరే రాయాలె. జర మంచిగ రాయుండ్రి" అన్నాడు. ఈ పత్రికలో పోయినవాళ్లందరి గురించీ ఎన్నో ఏళ్లుగా నేనే రాస్తున్నాను. అజాతశత్రువు, నిగర్వి, పరోపకారి అన్న మూడు మాటలు నా కలంలో ఎప్పుడూ తయారుగా ఉంటాయి, పేరు మార్చి వాడుకోవడమే. మామ విషయంలో మొదటి రెండూ రాస్తే ఆయనను ఎరిగినవాళ్లు పత్రిక మూసి నవ్వుతారు. మూడోది రాయక తప్పదు. నా కష్టమంతా అక్కడే ఉంది.

మా బాపు సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికుడు. నేను బడికి పోయే వయసులో, చెల్లెలు రజిత ఇంకా అమ్మ కొంగు వదలని వయసులో ఆయన పోయాడు. కర్మ అయిన రోజే మామ కోరుట్ల నుంచి జీపు మాట్లాడుకొని వచ్చాడు. వాకిట్లో నిలబడి, "సామాన్లు సదురుకో చెల్లె. పిల్లలు నా ఇంట్ల సదువుకుంటరు" అని అమ్మతో అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆయనకు పిల్లలు లేరు. అత్తమ్మ మమ్మల్ని కన్నపిల్లల్లా చూసింది. మామ మా తిండిని ఎన్నడూ లెక్కగట్టలేదు, చేసిన మేలు ఎన్నడూ నోటితో చెప్పలేదు. తెల్లవారుజామున నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకొని చదివించాడు. రజితకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేయించింది ఆయనే. ఈ రోజు నేను నాలుగు సంస్కృత సమాసాలు తప్పుల్లేకుండా రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన అన్నం. ఇది ముందే రాస్తున్నాను, తర్వాత రాయబోయేది చదివి నన్ను కృతఘ్నుడనేవాళ్లు ఈ పేరా మళ్లీ ఒకసారి చూసుకోవచ్చు.

ఆయన పాఠం చెబితే కోరుట్ల కాలేజీలో గోడలు కూడా వినేవని శిష్యులు అంటారు. విన్న మాట నిజమే. ఆయన గొంతు పెంచేవాడు కాదు. తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ణి తిట్టేవాడు కాదు, కొట్టేవాడు అసలే కాదు. చిన్నగా నవ్వి, ఆ జవాబునే వాడి పేరుగా మార్చి, ఏడాది పొడవునా ఆ పేరుతోనే పిలిచేవాడు. పిల్లలు ఆ నవ్వుకు భయపడి చదివేవాళ్లు, పాసయ్యేవాళ్లు. ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువాలు కప్పారు. కప్పినవాళ్లలో కొందరికి ఆయన పెట్టిన పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన తరచుగా అనే మాట ఒకటుంది: "నోరు అందరికుంటది, నాలుకే కొందరికుంటది." ఈ మాట కాలేజీలో పుట్టలేదు, దసరాకు మా ఇంటి హాల్లో పుట్టింది. ఎట్లా పుట్టిందో చెబితేనే మామ మీకు అర్థమవుతాడు.

మా వైపు దసరా అంటే యాటకూర, అంటే మేకమాంసం, మందు, సాయంత్రం జమ్మి. ఇందులో దాచుకునేది ఏమీ లేదు. మా వాళ్లు క్వార్టరు సీసాలో సోడా కలిపి, గొంతులోకి ఒంపి, మూతి తుడుచుకొని కూరకు కూర్చునే రకం. ఒక ఏడు దుబాయి నుంచి సెలవుకు వచ్చిన శిష్యుడొకడు విమానాశ్రయంలో కొన్న స్కాచ్ విస్కీ సీసా మామకు తెచ్చిచ్చాడు. సింగిల్ మాల్ట్, అందులోనూ తేలికరకం. గ్లాసులో పోస్తే ఎండుగడ్డి తడిపిన నీళ్ల రంగు. మామ ఆ సీసా మీది అక్షరాలన్నీ చదివాడు, వాసన చూశాడు, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఆ రోజుతో మా ఇంట్లో దసరా ఆయన చేతిలోకి పోయింది. తర్వాత ప్రతి ఏడూ ఎవరో ఒక శిష్యుడు అదే రకం సీసా తేవడం ఆనవాయితీ అయింది. పొగవాసన వచ్చే ఘాటు రకం తెచ్చినవాడు ఆ ఏడు భోజనానికి ఉండకుండా పోయేవాడు.

విధానం ఇది. యాటకూర ఉడికి ఇల్లంతా మసాలా వాసన నిండాలి. మగవాళ్లంతా హాల్లో చాపల మీద వరుసగా కూర్చోవాలి. కారం తగిలితే నాలుక చస్తుందని మామ సిద్ధాంతం, అందుకని రుచి చూడడం పూర్తయ్యేదాకా వంటింట్లోంచి గిన్నె కదలకూడదు. ఆకలితో పిల్లలు తలుపు దగ్గర ఏడుస్తున్నా సరే. ఆయన ఒక్కొక్కరికీ గుక్కెడు పోసేవాడు, అంతకు మించి పోసేవాడు కాదు. వేలు ముంచి పోయిన పెద్దలకు నేల మీద చుక్కలు చిలకరించాలి, తర్వాత వాసన చూడాలి, రెండు చుక్కల నీళ్లు వేసి మళ్లీ వాసన చూడాలి, అప్పుడు నోట్లో పోసుకొని కాసేపు ఉంచుకోవాలి. "ఇది ఒక్క బట్టీల, ఉత్త బార్లీ గింజలతోటి తీసింది. మింగుడు కాదు, ఇనాలె. ఏం వాసనొచ్చిందో ఒక్కొక్కరు చెప్పుండ్రి" అనేవాడు. జవాబు ఆయనకు ముందే సిద్ధంగా ఉండేది. మొదట తేనె, తర్వాత నిమ్మతొక్క, ఆఖరున ఎండుగడ్డి. నిజం చెప్పాలంటే ఆయన చెప్పిన తర్వాత వాసన చూస్తే అవి మూడూ నిజంగానే వచ్చేవి. ఎంతో సుకుమారమైన మందు అది, గొంతులో దిగినట్టే తెలిసేది కాదు. కానీ ముందే చెప్పమంటే ఆకలితో ఉన్నవాడికి ఎవడికి వస్తుంది తేనె?

మామ తమ్ముడు నర్సయ్య సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. మొదటి ఏడు ఆయన వంతు వచ్చినప్పుడు పాపం ఉన్నదున్నట్టు, "టించర్ వాసనస్తుందన్నా" అన్నాడు. మామ చిన్నగా నవ్వాడు. ఆ సాయంత్రానికి ఆయన టించర్ నర్సయ్య. ఏడాదిలో సిరిసిల్ల నేతవాడ దాకా పాకింది. ఆయన కొడుకు పెళ్లి పందిట్లో వియ్యంకుడు కూడా అదే పేరుతో పిలిచి భోజనానికి రమ్మన్నాడు. నర్సయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ పోయి కూర్చున్నాడు. నేను చెరుకు మడ్డి వాసన అన్నాను. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆ దారిన పోయి వచ్చినవాణ్ణి, నా ముక్కులో ఉన్నది అదే. "తెలుగు పంతులుకు మడ్డి గాక తేనెస్తదా" అన్నాడు మామ. నా పెళ్లయ్యాక నా భార్య ముందు కూడా నేను మడ్డి పంతులునే. ఇవి చిన్న అవమానాలు. భరించలేనివి కావు. బంధువులందరి ముందు ఏడాదికి ఒకసారి నగ్నంగా నిలబడడం అలవాటైపోతే, మనిషి దాన్నే పండగ అనుకుంటాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం నా అవమానం కాదు, రజితది.

రజిత జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది, రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయి వచ్చేది. అదే ల్యాబులో శామ్యూల్ అనే అబ్బాయి ఉండేవాడు. గొల్లపల్లి దగ్గరివాడు. తరతరాలుగా సెంటు భూమి లేని కుటుంబం, చర్చికి పోయేవాళ్లు. తండ్రి గుడుంబా తాగి తాగి పోయాడు. తల్లి కూలి చేసి కొడుకును చదివించింది. ఆ తల్లి ముందు, చర్చిలో బైబిల్ మీద చెయ్యి పెట్టి, జన్మలో మందు ముట్టనని శామ్యూల్ మాటిచ్చాడు. మాటిచ్చినప్పటి నుంచి పెళ్లిళ్లలో కూడా తాగేవాళ్ల పక్కన కూర్చునేవాడు కాదు. రజిత అతన్నే చేసుకుంటానని అమ్మతో చెప్పింది. అమ్మ భయపడుతూ మామతో చెప్పింది.

మామ అరవలేదు. కులం అనలేదు, మతం అనలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, "దసరకు పిలువుండ్రి పిలగాన్ని. మన తాన కూసుంటడు" అన్నాడు. అమ్మ సంతోషంతో ఏడ్చింది. నేనూ నమ్మాను. సీసా తెచ్చిన శిష్యులతో సహా బయటివాణ్ణెవణ్ణీ ఆ హాల్లో చాప మీదికి మామ ఎన్నడూ పిలిచింది లేదు. ఆ చాప మీద కూర్చున్నవాడికి సాయంత్రం మామ చేత్తో జమ్మి ఆకు అందేది, అందుకున్నవాడు ఇంటివాడు. గ్లాసు దగ్గరికి పిలిచాడంటే ఇంట్లోకి పిలిచినట్టేనని మేమందరం అనుకున్నాం. మా ఇంట్లో పెరిగినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు అది. రజిత ఒక్కతే జాగ్రత్తపడి ముందురోజే మామ దగ్గరికి పోయి, "మామా, ఆయన మందు ముట్టడు. వాళ్లమ్మకు మాటిచ్చిండు. ఆయనకు పొయ్యకు" అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. "నాకెరుక లేదా బిడ్డా" అని మామ ఆమె తల నిమిరాడు.

దసరా నాడు శామ్యూల్ తెల్లచొక్కా వేసుకొని, ఒక అట్టపెట్టె మిఠాయి పట్టుకొని వచ్చాడు. మామ అతన్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వరుసగా అందరికీ పోశాడు, అందరూ చెప్పారు, అందరూ ఓడిపోయారు. ఆఖరి గ్లాసు శామ్యూల్ ముందు పెట్టి గుక్కెడు పోశాడు. గ్లాసు చూసి అతను ఇబ్బందిగా నవ్వి, "సార్, నేను తాగ" అన్నాడు.

"నాకు తెల్సు" అన్నాడు మామ. "ఇది తాగుడు గాదు నాయనా. మా ఇంట్ల దసరనాడు ఇది తీర్థం లెక్క. మావాళ్లతోటి కల్శిపోవాల్నంటే గిదొక్కటే తొవ్వ. వద్దంటే బలవంతం లేదు. నువ్వు ఔతల కుర్చీల కూసో, కూర తిని పో."

కూర వాసన వస్తోంది. వంటింటి గుమ్మం దగ్గర రజిత తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని. శామ్యూల్ ఆమెను చూశాడు. ఆ ముఖం నాకిప్పటికీ కనపడుతుంది. ఆమె వద్దంటున్నకొద్దీ ఆమె కోసమే చేయాలని అతనికి అనిపించింది. గ్లాసు ఎత్తి, చిన్నపిల్లవాడు మందునీళ్లు తాగినట్టు కళ్లు మూసుకొని ఒక్కసారే మింగాడు.

"ఏం వాసనొచ్చింది?" అని మామ అడిగాడు.

"తెల్వదు సార్. మీరిచ్చిండ్రని తాగిన."

అన్ని దసరాల్లో ఆ హాల్లో ఎవరూ అంత మంచి జవాబు చెప్పలేదు. మామ మాత్రం సీసాకు మూత బిగించాడు, చిన్నగా నవ్వాడు. అందరికీ వినపడేలా, గొంతు పెంచకుండానే అన్నాడు: "సూశిండ్రా. కన్నతల్లికిచ్చిన మాట గుక్కెడు మందుకు అమ్ముకున్నడు. రేపు నా మేనకోడలికిచ్చే మాట ఎంతకు అమ్ముతడో. అన్నం పెట్టుండ్రి."

కొందరు నవ్వారు, ఆకలితో నవ్వారో అలవాటుతో నవ్వారో. నాకు ఒళ్లు మండిపోయింది. "మామా, తాగకపోతే ఏమందువు?" అని అందరి ముందే అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. "తాగకపోతే మనల్ల కలువనోడు అందును. రెండు తీర్ల గదే" అన్నాడు. తాను చేసిన ప్రయోగం సరిగ్గా వచ్చినప్పుడు మాస్టర్ల ముఖంలో ఉండే తృప్తి ఆయన ముఖంలో ఉంది. ఆ రోజు నేను అన్నం తినకుండానే జగిత్యాల వెళ్లిపోయాను. ఆ తర్వాత చాలాకాలం ఆయనతో నేను మాట్లాడింది అవసరానికే.

నేను కదలకముందే శామ్యూల్ నెమ్మదిగా లేచి, "పోయస్త సార్" అని చేతులు జోడించి బయటికి నడిచాడు. రజిత వెనకాలే పరుగెత్తింది. కోరుట్ల బస్టాండులో పండగ పూట మనుషులు లేరు. గొల్లపల్లి వైపు పోయే బస్సు ఎక్కనన్నాడట. నోరు వాసన వస్తోంది, అమ్మ పసిగడుతుంది అన్నాడట. రజిత బెంచీ మీద అతని పక్కన కూర్చొని, ఆ వాసన పోయేదాకా చూద్దామంది. ఆమె నాకు తర్వాత చెప్పింది: "మామ మీద కోపం జేస్తడనుకున్న అన్నా. తిట్టలే. 'మీ మామ అన్నదాంట్ల తప్పేమున్నది? నేను మాట తప్పినోన్నే' అన్నడు. గప్పుడు నాకు భయమైంది."

ఆ భయం నిజమైంది. మామ వద్దని ఉంటే వాళ్లిద్దరూ ఎదిరించేవాళ్లు. కులం పేరెత్తి ఉంటే నేను ముందు నిలబడి పెళ్లి చేసేవాణ్ణి. ఆయన ఆ అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. వద్దనే పనిని ఆ పిల్లవాడికే అప్పగించాడు. శామ్యూల్ తల్లికి జరిగింది చెప్పాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదట, దాంతో అతను ఇంకా కుంగిపోయాడు. జగిత్యాల ఉద్యోగం మానేసి ఊళ్లోనే చిన్న ల్యాబు పెట్టుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు, చేసుకుంటానని రజిత దగ్గరికీ రాలేదు. ఆమె ఎన్నిసార్లు పోయి అడిగినా ఒకటే జవాబు. మాట నిలుపుకోలేనివాడు పుస్తె ఎట్లా కడతాడు అని. ఆ మాట తనదే అనుకున్నాడు. అది మా మామదని మాకు తెలుసు.

రజిత అడిగింది ఒక్కటే. ఒక్క ఫోన్ చేసి, ఆ రోజు అన్నది ఉత్తదే అని మామ శామ్యూల్‌తో చెప్పాలని. ఏటా అడిగింది, కొట్లాడి కాదు, అన్నం వడ్డిస్తూ, మాత్రలు ఇస్తూ. మామ ఏటా అదే అనేవాడు: "నేనేమన్న కులం పేరెత్తిన్నా బిడ్డా? గా పిలగాడు తనంత తాను తాగిండు." ఈ వాక్యం ఆయనకు ఎంతో ఇష్టం. సంఘం సభల్లో కూడా, మా ఇంట్లో కులపట్టింపు లేదు, దసరాకు అందరినీ పక్కన కూర్చోబెట్టుకుంటామని చెప్పుకునేవాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఈ పత్రిక పాఠకులు చాలామంది ఉన్నారు.

అత్తమ్మ పోయాక ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తెలివి మాత్రం పోలేదని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. చాయ్ కావాలా అంటే తల ఊపేవాడు, వద్దనుకుంటే మెడ తిప్పేవాడు. ఆ తల ఊపడం, మెడ తిప్పడం కూడా మొదట్లో రాలేదు. రజిత రోజూ పొద్దున కుర్చీ పక్కన నిలబడి గడ్డం పట్టుకొని, "ఇటు మామా, ఇగ అటు" అని నెలల తరబడి చేయించింది. ఆయన ఒళ్లు తుడిచింది, పక్కబట్టలు మార్చింది. నా భార్య ఒకసారి ఉండబట్టలేక, ఆయనకెందుకింత చేస్తున్నావని అడిగితే, "నోటితోటి అనేది పోయింది వదినె. తలకాయ ఊపుడన్న రావాలె గద" అంది.

మొన్నటి దసరాకు అందరూ వచ్చారు. ఎవరో శిష్యుడు సీసా తెచ్చాడు. మామ కళ్లతోనే సీసా వైపు చూపించాడు. పలుచటి ద్రవాలు గొంతుకు అడ్డం పడతాయని రజిత పొయ్యలేదు, దూది ముంచి పెదవులకు అద్దింది. చొంగతో కలిసి కొంత గడ్డం మీదికి కారింది. వరుసగా చాప మీద కూర్చున్నవాళ్లంతా ఆయన వైపే చూస్తున్నారు. అప్పుడు నర్సయ్య, సిరిసిల్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన టించర్ నర్సయ్య, ముందుకు వంగి ఎంతో మెత్తగా అడిగాడు: "అన్నా, ఏం వాసనొచ్చింది? చెప్పు. అందరం ఆకలితోటున్నం."

మామ నోరు తెరిచాడు. ఏదో శబ్దం వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సయ్య ఇంకా వంగాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఆఁ? ఇనవడుతలేదన్నా" అన్నాడు. నాకు లోపల సంతోషమేసింది, దాచుకోను. ఆపింది రజితే. మామ గడ్డం తుడిచి, "తేనె అంటున్నడు. నాకినవడ్డది. లెవ్వుండ్రి, అన్నం పెడుతున్న" అంది. ఆయనను ఆ హాల్లో అంతమంది ముందు కాపాడింది ఆమె ఒక్కతే.

అందరూ పెరట్లో తింటున్నప్పుడు నేను లోపలికి పోయాను. రజిత మంచం పక్కన కూర్చొని ఫోను చేతిలో పట్టుకుంది. "మామా, శామ్యూల్‌కు కలుపుత. ఆయన మొకం కనవడతది. గా దినం అన్నది ఉత్తదే అని నేను చెప్త. నువ్వు తలకాయ ఊపు, సాలు. నేనింకేమడగ. ఒక్కసారి ఊపు" అంది. ఇన్నేళ్లలో ఆమె ఆయన ముందు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. మామ ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థమైంది, నేను ఆ కళ్లు చూశాను. తర్వాత మెల్లగా, రోజూ పొద్దున ఆమె నేర్పినట్టే, మెడ గోడ వైపు తిప్పుకున్నాడు.

కొన్ని వారాలకే పోయాడు. మూడోరోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టేటప్పుడు విస్తరిలో అన్నం, యాటకూర వేశాం. నర్సయ్య పక్కనే గ్లాసులో ఆ మందు గుక్కెడు పోశాడు. నీళ్లు ఎన్ని చుక్కలు వేయాలని మగవాళ్లలో చర్చ జరిగింది. రెండే వేయాలి, లేకపోతే అన్న ఊరుకోడని తేల్చారు. చచ్చినవాడికి అంత భయపడడం నేనెక్కడా చూడలేదు. కాకి వచ్చి ముక్క ఎత్తుకుంది, పోతూ పోతూ గ్లాసు పడేసింది. "ఏం వాసనొచ్చిందో చెప్పకుంటనే పాయె" అన్నాడు నర్సయ్య. అందరూ నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో శామ్యూల్ నిలబడి ఉన్నాడు. కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. పరామర్శకు వచ్చానన్నాడు. లోపలికి వచ్చి మామ ఫోటో ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. రజిత గోడకు ఆనుకొని ఉంది. అతను ఆమెను చూడకుండా నన్ను అడిగాడు: "సార్ పోయేముందుగాల... నా గురించి ఏమన్న అన్నడా?"

అతను కూడా ఇన్నేళ్లూ ఎదురుచూశాడని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క మాట చాలు. "అన్నాడు, నీ మీద అన్నది తప్పని బాధపడ్డాడు, ఆ మాట నీకు చెప్పమన్నాడు." అంతే అంటే ఆ మనిషి మెడ మీది బండ దిగుతుంది. దిగితే రజిత వైపు తల తిప్పి చూస్తాడు. చచ్చినవాళ్ల నోట్లో మంచి మాటలు పెట్టడం నా వృత్తి, పత్రిక నిండా అదే చేస్తున్నాను. మాట నా నాలుక మీదికి వచ్చింది.

"అడిగిన" అంది రజిత నాకంటే ముందు. "దసరనాడు అడిగిన. తలకాయ ఊపు సాలన్న. మొకం తిప్పుకున్నడు."

శామ్యూల్ "మంచిది" అన్నాడు. ఫోటోకు ఇంకోసారి దండం పెట్టి, చెప్పులు వేసుకొని, బండి స్టార్టు చేసుకొని పోయాడు. రజిత వాకిలి దాకా కూడా పోలేదు.

నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. ఒక్క అబద్ధం ఆడితే ఏమయ్యేది, నీ బతుకు బాగుపడేది కదా, అందుకే కదా అన్నేళ్లు ఆయన ఉచ్చ ఎత్తిపోశావు అన్నాను. ఆమె ఏడవలేదు. "తేనె అని ఒక్కపారి ఆయన నోట్ల పెట్టిన అన్నా, సాలు. నా బతుకు పాడుజేశి, పోతపోత మంచోడనిపించుకుంటడా? ఆయన అనని మాట నేనెందుకు ఆయనకియ్యాలె? నేనియ్య" అంది. అని, వంటింట్లోకి పోయి అమ్మకు చాయ్ పెట్టింది.

సంపాదకుడు గారు మంచిగా రాయమన్నారు. రాజేశం గారు విద్యాదాత, అన్నదాత, రసజ్ఞుడు, కుశాగ్రబుద్ధి. ఇందులో ఒక్క విశేషణమూ అబద్ధం కాదు. పశ్చాత్తాపంతో కన్నుమూశారని ఒక వాక్యం చేర్చితే వ్యాసానికి నిండుదనం వచ్చేది, పాఠకులకు కంట తడి వచ్చేది. తన జీవితమే ఎదురుగా నిలబడి అడిగినా రజిత ఇవ్వని వాక్యాన్ని రెండు పేజీల కోసం నేను ఇవ్వలేను. మామా, నాకు అక్షరం పెట్టినందుకు నీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నువ్వు పోయిన చోటును ఎవరూ నింపలేరు. నువ్వు అనవలసిన మాట నువ్వు తప్ప ఇంకెవరూ అనలేరు, నువ్వు ఇక లేవు.